నవంబర్‌లో కుమార పర్వతం: ముందు బంగాళాఖాతం వైపు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నవంబర్ మూడో వారంలో ఒక శనివారం నలుగురు కలిసి కర్ణాటకలో కొడగు సరిహద్దున ఉన్న కుమార పర్వతం ఎక్కాలి. శుక్రవారం రాత్రి బెంగళూరులో బస్సెక్కి, తెల్లారేసరికి కొండ కింద ఉన్న కుక్కే సుబ్రహ్మణ్యలో దిగి, ఆ రోజే పైకి వెళ్లి సాయంత్రానికి కిందికి రావాలి. ఫోన్‌లో చూస్తే సుబ్రహ్మణ్యలో 30 డిగ్రీలు, వానకు 30 శాతం అవకాశం అని ఉంది. వానాకాలం అయిపోయింది కదా, రెయిన్‌కోటు, చలికోటు మోయడం దండగ అని మీ స్నేహితులు అంటున్నారు. డిసెంబర్ చివర్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంత శిఖరం కూడా అనుకుంటున్నారు, అక్కడికీ ఇదే లెక్క పనికొస్తుందా అని అడిగారు.

రెండూ మోయాలి, అందులో సందేహం లేదు. కానీ సంచిలో ఏం పెట్టుకోవాలన్నది తర్వాతి సంగతి. అసలు ఆ శనివారం వెళ్లాలా వద్దా అన్నది ముందు తేలాలి. కార్తీక, మార్గశిర మాసాల్లో దక్షిణాది కొండల మీద వాతావరణం చాలావరకు బంగాళాఖాతంలో నిర్ణయమవుతుంది. చాలా కాలంగా బెంగళూరు నుంచి మన తెలుగు పిల్లల్ని వారాంతాల్లో కొండలకు తీసుకెళ్తున్నాను. వాళ్లకు నేను మొదట నేర్పేది సముద్రం వైపు చూడటం.

‘వానాకాలం అయిపోయింది’ అన్నది సగమే నిజం. అయిపోయింది నైరుతి. మామూలుగా అక్టోబర్ 15 నాటికి నైరుతి రుతుపవనాలు దేశం మొత్తం నుంచి వెళ్లిపోతాయి. ఆ వెంటనే, 20వ తేదీ ప్రాంతంలో, తమిళనాడు, దక్షిణ కోస్తా వైపు ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, వాళ్లకు పెద్ద వానలు పడేదే ఇప్పుడు. జులైలో కొడగు కొండల మీదికి ఏ రోజు వెళ్లినా తడుస్తారు, కాబట్టి ఎవరూ మోసపోరు. నవంబర్ అలా కాదు. వరసగా పది రోజులు ఆకాశం నిర్మలంగా ఉండి, ఆ తర్వాత రెండు రోజుల్లో నెల వాన మొత్తం కురిసిపోవచ్చు. అందుకే నవంబర్‌లో సగటు వర్షపాతం ఇంత అనే లెక్కలు కొండ ఎక్కేవాళ్లకు పెద్దగా పనికిరావు. మీ శనివారం ఆ పది రోజుల్లో పడిందా, ఆ రెండు రోజుల్లో పడిందా అన్నదే తెలుసుకోవాలి.

ఆ రెండు రోజులు ఎలా ఉంటాయో మన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2021 నవంబర్ 18, 19 తేదీల్లో తిరుమల మెట్ల దారిలో నీళ్లు ఉధృతంగా దూకుతున్న వీడియోలు ప్రతి తెలుగు ఇంట్లోనూ చూశారు. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అది తుపాను కూడా కాదు, చెన్నై, పుదుచ్చేరిల మధ్య తీరం దాటిన వాయుగుండం. శేషాచలం కొండల తూర్పు వాలు సముద్రపు గాలికి ఎదురుగా ఉంటుంది. తేమ గాలి కొండను తాకి పైకి లేచే చోట చల్లబడి, మోసుకొచ్చిన నీళ్లన్నీ అక్కడే వదిలేస్తుంది. నైరుతిలో ఆ దెబ్బ పడమటి వాలుకు తగిలితే, ఈశాన్యంలో తూర్పు వాలుకు తగులుతుంది. నీలగిరుల్లో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ఊటీ, కూనూరుల మధ్య ఉన్న కేత్తిలో 2009 నవంబర్ 10న నమోదైన 24 గంటల వాన 82 సెంటీమీటర్లు. అప్పటి కొండచరియల్లో 40 మందికి పైగా చనిపోయారు. నవంబర్‌లో కోటగిరి, కూనూరు వైపు నడుద్దామనే వాళ్లకు నేను ముందు ఈ తేదీ చెబుతాను. చెన్నైలో ఉండి నాగలాపురం, తడ వాగుల వెంట నడిచే వాళ్లకైతే మరీ మరీ చెబుతాను. అవి కూడా సముద్రం వైపు తిరిగిన కొండలే. పైన పడిన వాన ఇరుకు లోయలోకి ఒక్కసారిగా దిగుతుంది, అప్పటికి మీ నెత్తిన ఎండ కాస్తూ ఉండొచ్చు.

కుక్కే ఉన్నది కొండకు పడమటి వైపు కదా, మాకేం అనుకోవచ్చు. 2024లో ఫెంగల్ తుపాను ఏం చేసిందో చూడండి. నవంబర్ 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. మర్నాడు తిరువణ్ణామలైలో కొండచరియ ఇళ్ల మీద పడి ఏడుగురు చనిపోయారు. బెంగళూరుకు అంత దూరం కాని ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన పడింది. అది బలహీనపడుతూ పడమటికి జరిగి, కర్ణాటక మీదుగా అరేబియా సముద్రంలోకి పోయింది. పోతూ పోతూ కొడగు, దక్షిణ కన్నడ జిల్లాల్లో కూడా గట్టిగా కురిపించింది. పుదుచ్చేరి నుంచి కుక్కేకి నేరుగా గీత గీస్తే 450 కిలోమీటర్లకు పైనే. తీరం దాటిన వాయుగుండం గంటకు 10, 15 కిలోమీటర్ల చొప్పున నడిచినా రెండు రోజుల్లోపు మీ కొండ మీద ఉంటుంది. అంటే గురువారం చెన్నైలో కుండపోత, శుక్రవారం బెంగళూరులో ముసురు, శనివారం మీ దారి. బస్సెక్కే రాత్రి బెంగళూరులో సన్నగా ముసురు పట్టి, చల్లగాలి తూర్పు నుంచి వీస్తుంటే అది మామూలు బెంగళూరు చలి అనుకోవద్దు. ఎందుకలా ఉందో తెలుసుకుని బస్సెక్కండి.

ఎలా చూడాలో చెబుతాను. మంగళవారం నుంచే మొదలుపెట్టండి. భారత వాతావరణ శాఖ బంగాళాఖాతం గురించి రోజూ ఇచ్చే ముందస్తు ప్రకటనలో ఉపరితల ఆవర్తనం, అల్పపీడనం, వాయుగుండం అనే మాటలున్నాయా చూడండి. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 51 దాటితే తీవ్ర వాయుగుండం, 63 దాటితే తుపాను. పేరు పెట్టేది తుపానుకే కాబట్టి టీవీలో హడావిడి అప్పుడే మొదలవుతుంది. కొండ ఎక్కేవాళ్లకు అంత దూరం రానవసరం లేదు, అల్పపీడనం చాలు. బలం కన్నా దారి ముఖ్యం. శ్రీలంక, తమిళనాడు, దక్షిణ ఆంధ్ర వైపు జరిగే అల్పపీడనం మీ ట్రెక్‌కి అడ్డం. అదే ఒడిశా, బంగ్లాదేశ్ వైపు తిరిగిపోతే, తేమను చాలాసార్లు తనవైపే లాక్కుంటుంది కాబట్టి మనకు రెండు మూడు రోజులు పొడి గాలి, శుభ్రమైన ఆకాశం దొరకొచ్చు. ‘తుపానట’ అని అంతా మానుకున్న వారాంతంలోనే మంచి వాతావరణం దొరికిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి మాట విని భయపడకుండా మ్యాప్ తీసి చూడండి.

గురువారం నాటికి జిల్లాల వారీ హెచ్చరికలు చూడండి. ఇక్కడ చాలామంది కుక్కే ఉన్న దక్షిణ కన్నడ జిల్లా ఒక్కటే చూసి ఊరుకుంటారు. శిఖరం కొడగు సరిహద్దులో ఉంది, హాసన్ జిల్లా కూడా పక్కనే. తూర్పు గాలి వీచే ఈ నెలల్లో వాన ముందు కొడగు, హాసన్ వైపు నుంచే వస్తుంది. మూడు జిల్లాలూ చూడాలి. మూడింట్లో దేనికైనా ఆరెంజ్ హెచ్చరిక ఉంటే నేను వెళ్లను. యెల్లో ఉంటే వెళ్తాను, కానీ పైదాకా వెళ్లాలనే పట్టు పెట్టుకోను. వాతావరణ శాఖ ‘రోజు’ ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా అని గుర్తుంచుకోండి. శుక్రవారం నాటి హెచ్చరిక శనివారం తెల్లవారుజామున మీకూ వర్తిస్తుంది. బెంగళూరులోని కర్ణాటక రాష్ట్ర ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రానికి పల్లెల స్థాయిలో వర్షమాపకాలు ఉన్నాయి. ముందు రోజు ఏ ఊళ్లో ఎంత పడిందో వాళ్ల సమాచారంలో చూడొచ్చు. నాకు బాగా ఉపయోగపడేది ఇదే, ఎందుకంటే ఇది అంచనా కాదు, నిజంగా పడిన వాన.

ఇప్పుడు మీ ఫోన్‌లో ఉన్న అంకెల సంగతి. ఆ 30 డిగ్రీలు కుక్కే ఊరివి. ఊరు సముద్ర మట్టానికి 120 మీటర్ల ఎత్తులో ఉంటుంది, శిఖరం 1712 మీటర్లు. మధ్యలో దాదాపు 1600 మీటర్లు. ప్రతి కిలోమీటరు ఎత్తుకూ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. అంటే కింద 30 ఉన్నప్పుడు పైన 20. కింద తెల్లవారుజామున 21 ఉంటే పైన 11 ఉండొచ్చు. గాలి, తడి కలిస్తే ఒంటికి తెలిసేది ఇంకా తక్కువ. 30 శాతం అంటే చినుకులు కొంచెమే పడతాయని కాదు, రోజులో 30 శాతం సేపు పడుతుందనీ కాదు. ఆ చోట ఎంతో కొంత వాన పడే అవకాశం అంత అని మాత్రమే. పడితే ఎంత పడుతుందో, ఏ గంటలో పడుతుందో ఆ అంకె చెప్పదు. ఆ యాప్‌లోనే గంటల వారీ పట్టిక తీసి చూడండి. అక్టోబర్ చివరి నుంచి నవంబర్ నడిమి దాకా పడమటి కనుమల్లో వాన ఎక్కువగా మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఆరు మధ్య ఉరుములతో వస్తుంది. రోజంతా 30 శాతమని కనిపించేది, విడదీసి చూస్తే పొద్దున సున్నా, నాలుగింటికి 60 ఉండొచ్చు.

మేఘం ఏ ఎత్తులో ఉంటుందో కూడా ఇంట్లో కూర్చుని లెక్కేసుకోవచ్చు. నేను అందరికీ నేర్పే లెక్క ఇది. వాతావరణ యాప్‌లలో డ్యూ పాయింట్ అని ఒక అంకె ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. గాలి ఎన్ని డిగ్రీలకు చల్లబడితే అందులోని తేమ నీటి బొట్లుగా మారుతుందో అది. మధ్యాహ్నపు ఉష్ణోగ్రతలోంచి దాన్ని తీసేసి, వచ్చినదాన్ని 125తో గుణించండి. నేల నుంచి మేఘం అడుగు అన్ని మీటర్ల పైన ఉంటుంది. కుక్కేలో 30, డ్యూ పాయింట్ 22 అనుకోండి. తేడా 8, గుణిస్తే వెయ్యి మీటర్లు. ఊరి ఎత్తు కలిపితే 1100 దగ్గర మేఘం మొదలు. మీ శిఖరం అంతకంటే 600 మీటర్లు పైన ఉంది, అంటే మధ్యాహ్నానికి, శిఖరానికి ముందు వచ్చే శేషపర్వతం దగ్గర మీరు మేఘం లోపల ఉంటారు, పది అడుగుల అవతల మనిషి కనిపించడు. అదే ఉత్తరాది పొడి గాలి వచ్చిన రోజు 32, 18 ఉందనుకోండి, మేఘం అడుగు 1850 దాటుతుంది, శిఖరం నుంచి చుట్టూ కొండలన్నీ కనిపిస్తాయి. ఇది మధ్యాహ్నపు ఎండకు గాలి బాగా కలిసిపోయినప్పటి లెక్క, పొద్దున్నే పట్టే మంచుకి పనికిరాదు. అయినా రెండు నిమిషాల్లో ఇంత సంగతి చెప్పే లెక్క ఇంకొకటి నాకు దొరకలేదు.

పొద్దున పొగమంచు సంగతి వేరు. మబ్బు లేని రాత్రి నేల వేడి వదిలేసి చల్లబడుతుంది, చల్లబడిన బరువైన గాలి లోయల్లోకి జారి నిలుస్తుంది. అందుకే లోయలో పొగమంచు, కొండ మీద నిర్మలం. నంది కొండల మీద, మన వంజంగి మీద తెల్లవారుజామున కనిపించే మేఘాల సముద్రం ఇదే. కింద చలి, పైన కాస్త వెచ్చన అనే తిరకాసు ఈ ఒక్క సందర్భంలోనే వస్తుంది. ఆ మంచు ఎండ ఎక్కితే విడిపోతుంది, దాన్ని చూసి భయపడక్కర్లేదు. తొమ్మిదిన్నర, పదైనా విడవకుండా పైపైకి ఎగబాకుతుంటే మాత్రం ఆ రోజు తేమ ఎక్కువని అర్థం.

గాలి గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఈ నెలల్లో గాలి తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. మీరు ఎక్కేది పడమటి వైపు నుంచి. అంటే మొదటి నాలుగైదు గంటలు కొండ మీకు గాలిని అడ్డుకుంటూ ఉంటుంది. అడవి దాటి, దారి మధ్యలో వచ్చే భట్టర మనె అనే ఇల్లు దాటి, గడ్డి వాలు మీద ఎండలో ఎక్కుతుంటే చెమటతో చొక్కా తడిసి ముద్దవుతుంది, చలికోటు ఎందుకు తెచ్చామా అనిపిస్తుంది. సరిగ్గా అలాంటప్పుడు శేషపర్వతం అంచు మీదికి వస్తారు, అక్కడ గాలికి అడ్డం ఏమీ లేదు. ఊళ్లో యాప్ చూపే గాలి వేగం కొండ అంచు మీద రెట్టింపు అవుతుందని అనుకుని సిద్ధపడండి. 10 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి 6 డిగ్రీల్లా ఉంటుంది, అదీ పొడిగా ఉన్న ఒంటికి. నీరు గాలికన్నా పాతిక రెట్లు త్వరగా వేడిని లాగేస్తుంది. తడిసిన కాటన్ టీషర్టు, తడిసిన జీన్స్ వేసుకుని ఆ అంచు మీద ఫొటోల కోసం అరగంట నిలబడితే ఏమవుతుందో ఊహించుకోండి.

మంచు పడితేనే మనిషి చలికి చనిపోతాడని మన వాళ్ల నమ్మకం. అది నిజం కాదు. 10, 12 డిగ్రీల్లో కూడా తడి, గాలి, అలసట, ఖాళీ కడుపు కలిస్తే శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పడిపోతుంది. మొదట ఆగని వణుకు, చేతులు కొంకర్లు పోయి జిప్పు కూడా పెట్టుకోలేకపోవడం. తర్వాత మాట తడబాటు, అడుగు తడబాటు, అడిగితే విసుగు, ‘నన్ను వదిలేయండి, కాసేపు కూర్చుంటా’ అనడం. అందరి వెనక పడిపోయి మాట్లాడటం మానేసిన మనిషిని ఎప్పుడూ వదిలేయకండి. బద్ధకం అని నవ్వేయకండి. తడి బట్టలు విప్పించి పొడివి తొడిగించాలి, తలకు టోపీ పెట్టాలి, తీపి ఏదైనా తినిపించాలి, గోరువెచ్చని తీపి టీ ఉంటే ఇంకా మంచిది, గాలికి చాటుకు తీసుకెళ్లి కిందికి దింపాలి. వణుకు ఆగిపోయి మత్తుగా ఉంటే అది కోలుకోవడం కాదు, ముదరడం. అప్పుడు తాగడానికి ఏమీ ఇవ్వకుండా, కుదిపేయకుండా, వెచ్చగా చుట్టి వెంటనే సాయం పిలవాలి.

కాబట్టి సంచిలో ఇవి ఉండాలి: త్వరగా ఆరే సింథటిక్ టీషర్టు ఒంటి మీద ఒకటి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పొడిది ఇంకొకటి, చలికోటుగా పల్చటి ఫ్లీస్, నడుము కింది దాకా వచ్చే రెయిన్ జాకెట్, చెవులు మూసే టోపీ, అదనంగా ఒక జత సాక్సులు. పాంచో, అంటే తల మీంచి వేసుకునే వదులు వాన కప్పు, అడవిలో బాగానే పనిచేస్తుంది, అంచు మీద గాలికి మొహం మీదికి లేచి దారి కనపడనివ్వదు, అందుకే జాకెట్టే మంచిది. గొడుగు వద్దు. వీటన్నిటి బరువు కిలోన్నర దాటదు. అంచుకి పది నిమిషాల ముందే, గాలి తగలకముందే ఆగి పొడి టీషర్టు మార్చుకుని జాకెట్ వేసుకోండి. చలి వేశాక వేసుకుందాంలే అనుకుంటే ఆలస్యమే.

పిడుగుల విషయంలో నేను మొండిగా ఉంటాను. శేషపర్వతం చుట్టూ బోడి గడ్డి కొండ, అక్కడ ఎత్తైనది మీ తలే. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్లలో ఉన్నట్టు, ఇక అంచు మీద ఉండకూడదు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కొద్దు. దారిలో కల్లు మంటపం అనే రాతి మంటపం ఉంది కదా, నెత్తిన కప్పు ఉంది కదా అని అక్కడ గుమిగూడొద్దు. తెరిచి ఉన్న మంటపం వాన నుంచి కాపాడుతుంది కానీ పిడుగు నుంచి కాపాడదు. ఒంటరి చెట్టు అంతకంటే చెడ్డది. వాలు దిగి, మనిషికీ మనిషికీ దూరం పాటిస్తూ అడవి వైపు నడవాలి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) తయారు చేసిన దామిని యాప్ చుట్టుపక్కల పడుతున్న పిడుగుల్ని చూపిస్తుంది. పైన సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి అందిన చోటల్లా చూసుకోండి, దాని మీదే ఆధారపడకండి.

ఇందుకే మధ్యాహ్నం 12 గంటలకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. శిఖరం అరగంట దూరంలో కనిపిస్తున్నా సరే. రానుపోను దూరం 20 కిలోమీటర్లకు పైనే, దిగడం కూడా మోకాళ్లకు కష్టమే. నవంబర్ మూడో వారంలో అక్కడ ఆరింటికల్లా పొద్దు గుంకుతుంది, ఆ తర్వాత అరగంట కూడా గడవకముందే చీకటి. గుడి దగ్గరి అడవిలో అప్పటికే చీకటి. అందుకే పొద్దున ఆరింటికి నడక మొదలవ్వాలి. బస్సు ఆలస్యమై ఎనిమిదికి దిగితే భట్టర మనె దాకా వెళ్లి వచ్చేయండి, అది కూడా మంచి నడకే. మనిషికొక హెడ్‌ల్యాంప్ తప్పనిసరి, ఫోన్ లైటు లెక్కలోకి రాదు.

ఆకాశంలో చూడాల్సినవి కొన్ని. పొద్దున పదికే కాలీఫ్లవర్‌లా గట్టిపడి పైకి పెరుగుతున్న మబ్బులు కనిపిస్తే మధ్యాహ్నం ఉరుములు ఖాయం అనుకోవచ్చు. సూర్యుడి చుట్టూనో, ముందు రాత్రి చంద్రుడి చుట్టూనో వరదగుడి కనిపిస్తే బాగా ఎత్తున మంచు స్ఫటికాల పల్చటి మబ్బు కమ్మిందని అర్థం. అల్పపీడనం దూరంలో ఉండగానే ఆ మబ్బు ముందు వస్తుంది, కాబట్టి ఒక రోజు ముందే ఆలోచించుకోవచ్చు. ఇక ఈ మధ్య చాలామంది చేతికి గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఉన్న వాచీలు పెట్టుకుంటున్నారు. అవి చలి దేశాల అలవాటు ప్రకారం, పీడనం మూడు నాలుగు మిల్లీబార్లు పడితే తుపాను అలారం మోగిస్తాయి. మన అక్షాంశాల్లో పీడనం రోజూ రెండుసార్లు దానంతట అదే పెరిగి తగ్గుతుంది. ఉదయం పది, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ, తేడా మూడు మిల్లీబార్ల దాకా ఉంటుంది. కాబట్టి మధ్యాహ్నం పడిందని టెన్షన్ పడొద్దు. నిన్న ఇదే చోట, ఇదే గంటకు ఎంత ఉందో దానితో పోల్చినప్పుడు తగ్గితేనే ఆలోచించాలి. మీది ఒక రోజు ట్రెక్ కాబట్టి ఆ వాచీ మీకు పెద్దగా అక్కర్లేదు.

మిగిలినవి త్వరగా చెబుతాను. ముందు వారం వాన పడి ఉంటే అడవిలో జలగలు ఉంటాయి, సాక్సుల్లోకి ప్యాంటు దోపుకోండి. శేషపర్వతం దాటాక శిఖరానికి ముందు వచ్చే బండ తడిగా ఉంటే చాలా జారుతుంది, అరిగిన స్పోర్ట్స్ షూలతో దాని మీదికి వెళ్లొద్దు. గడ్డి వాలు మీద నీడ ఉండదు, నవంబర్‌లో కూడా ఎండ దెబ్బ కొడుతుంది, మనిషికి మూడు లీటర్ల నీళ్లు తీసుకోండి. అటవీ శాఖ అనుమతి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, రోజుకు ఇంతమందికే అని పరిమితి ఉంది. అందుకే వాతావరణం బాగోలేకపోయినా ‘బుకింగ్ పోతుంది’ అని బయల్దేరేవాళ్లను చూస్తుంటాను. నలుగురి టికెట్లూ బస్సు ఛార్జీలూ కలిపినా, అక్కడ ఒకరికి కాలు విరిగితే మంగళూరు దాకా మోసుకెళ్లే ఖర్చుకు చాలవు. బుకింగ్ చేసేటప్పుడే రెండో వారాంతం కూడా ఖాళీ పెట్టుకోండి, అప్పుడు మానుకోవడం తేలికవుతుంది.

కేదార్‌కాంతకు ఇదే లెక్క పూర్తిగా పనికిరాదు. అక్కడ డిసెంబర్‌లో వాతావరణం మార్చేది పడమటి నుంచి, మధ్యధరా వైపు నుంచి వచ్చే పశ్చిమ గాలుల అలజడి. అది వస్తే మంచు, లేకపోతే వరసగా ఎండ రోజులు. శిఖరం 3800 మీటర్లు. బేస్ అయిన సాంక్రి 1950 దగ్గర ఉంటుంది కాబట్టి సాంక్రిలో 2 డిగ్రీలు అంటే పైన మైనస్ 10. శిఖరం ఎక్కేది తెల్లవారుజామున, రోజు మొత్తంలో అదే ఎక్కువ చలి వేళ. కుక్కేకి తీసుకెళ్లిన జాకెట్టు అక్కడ పైపొరగా మాత్రమే పనికొస్తుంది, లోపల ఉన్ని థర్మల్స్, మెత్తటి ఈకలు నింపిన డౌన్ జాకెట్, నీళ్లు దిగని చేతి తొడుగులు కావాలి.

అక్టోబర్, నవంబర్ నెలల్లో నేపాల్ వైపు వెళ్లే ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం మళ్లీ బంగాళాఖాతమే చూడాలి. 2014 అక్టోబర్ 12న విశాఖను తాకిన హుద్‌హుద్ మన వాళ్లెవరూ మర్చిపోలేదు. విశాఖలో చెట్లు కూలాక అది ఆగిపోయిందని మనం అనుకున్నాం. మిగిలిన తేమ ఉత్తరానికి పోయి, రెండు రోజుల తర్వాత, అక్టోబర్ 14న, నేపాల్‌లో అన్నపూర్ణ దారిలోని 5416 మీటర్ల థొరోంగ్ లా కనుమ దగ్గర మంచు తుపానుగా కురిసింది. 40 మందికి పైగా చనిపోయారు. అక్టోబర్ అక్కడ ఏడాదిలో అన్నిటికన్నా మంచి నెల అని అందరూ చెప్పే నెలే. తుపాను ఎటు పోతుందో రెండు రోజుల ముందే తెలుసు, ఆ కబురు కొండ మీద ఉన్నవాళ్లకు చేరలేదు. 2024 జూన్ మొదట్లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వెళ్లిన బృందంలో 9 మంది మంచు గాలిలో చిక్కుకుని చనిపోయారు. అది చలికాలం కూడా కాదు. ఈ రెండు సంగతులూ కేదార్‌కాంత బుక్ చేసుకునే ముందు మీ నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి. తీసుకెళ్లే సంస్థను ‘సిగ్నల్ లేని క్యాంపుల్లో మీకు వాతావరణ సమాచారం ఎలా అందుతుంది, ఏం జరిగితే వెనక్కి తిప్పుతారు’ అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరిని చూసుకోండి.

మీ శనివారానికి వస్తే, బయల్దేరే ముందు ఇంట్లో ఒకరికి నాలుగు సంగతులు రాసిచ్చి వెళ్లండి: ఏ దారిలో ఎక్కుతున్నారు, ఎంతమంది, ఎన్నింటికి కిందికి వచ్చి ఫోన్ చేస్తారు, ఆ టైం దాటి రెండు గంటలైతే ఎవరికి చెప్పాలి. కుక్కేలో దిగగానే అటవీ శాఖ చెక్‌పోస్టు నంబరు అడిగి తీసుకుని వాళ్లకు పంపండి, ఎందుకంటే అక్కడి నుంచి పైకి మీ ఫోన్ పనిచేస్తుందని నమ్మకం లేదు.